ఢిల్లీ బస్సు దారి: కోర్టులో గెలిచి రోడ్డు మీద ఓడిన లెక్క

ఉద్యోగంలో ఉండగా నేను పాస్ చేసిన బిల్లుల్లో అన్నిటికంటే చిన్నది సైకిల్ అలవెన్సు. 2008 సెప్టెంబరు నుంచి అది నెలకి 60 రూపాయలు. ఆఫీసు పని మీద సొంత సైకిల్ తొక్కే కిందిస్థాయి ఉద్యోగికి ఇచ్చేది. అదే ఆరో వేతన సంఘం, ఢిల్లీ లాంటి పెద్ద నగరాల్లో 5400, ఆపైన గ్రేడ్ పే ఉన్న అధికారికి రవాణా భత్యం కింద నెలకి 3200 రూపాయలు, దాని మీద కరువు భత్యం ఇచ్చింది. రెండు బిల్లులూ నా టేబుల్ మీదికే వచ్చేవి. రెండిటి మీదా సంతకం నాదే. అందులో నాకు అప్పట్లో వింతేమీ కనపడలేదు. రూలు ప్రకారం ఉందా, కూడిక సరిపోయిందా, అంతే.

ఈ మధ్య హైదరాబాదులో మా హేతువాద మిత్రులం కలుసుకున్నప్పుడు ఈ సంగతి గుర్తొచ్చింది. సభ అయిపోయి టీ తాగుతున్నాం. రోడ్ల మీద సైకిళ్ళకి వేరే దారి వెయ్యాలా వద్దా అనే మాట వచ్చింది. ఇంజనీరుగా రిటైరయిన ఒక పెద్దాయన, "ఇవన్నీ విదేశాలు చూసొచ్చి ఇక్కడ పెట్టే వేషాలండీ. ఢిల్లీలో బస్సులకో దారి, సైకిళ్ళకో దారి అని పెట్టారు. ఏమయింది? ఫెయిలయింది, పీకేశారు" అన్నారు. అందరూ తలలూపారు. చేతి రేఖల గురించి ఎవరైనా ఇంత ధీమాగా మాట్లాడి ఉంటే "రుజువేదీ?" అంటూ పది మందిమీ మీద పడేవాళ్ళం. ఇక్కడ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, కాని నా కారణం వేరు. ఆ రోడ్డు పక్కన నేను కాపురం ఉన్నాను. ఆ దారి తీసెయ్యమని కోరిన అర్జీ మీద సంతకం పెట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అది ఫెయిలయిందా, చంపేశారా అనేది విడదీసి చూడాల్సిన విషయం. పీకెయ్యటం జరిగిన మాట నిజం. కాని పీకెయ్యటం ఫెయిలవటానికి రుజువు కాదు.

ముందు ఆ రోడ్డు సంగతి. దక్షిణపు కొసన అంబేద్కర్ నగర్, మదన్‌గీర్, దక్షిణపురి. ఇంకా కిందికి సంగం విహార్. ఉత్తరపు కొసన మూల్‌చంద్, దాన్ని ఆనుకుని డిఫెన్స్ కాలనీ. మధ్యలో పుష్ప్ విహార్, షేక్ సరాయ్, చిరాగ్ ఢిల్లీ, గ్రేటర్ కైలాష్. ఢిల్లీ తెలిసిన వాళ్ళకి ఈ పేర్లు చదవగానే కథ సగం అర్థమవుతుంది. తెలియని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, కింద పని చేసేవాళ్ళు, పైన పని చేయించుకునేవాళ్ళు. దక్షిణపురి 1975-77 ఎమర్జెన్సీ రోజుల పునరావాస కాలనీ. నగరం నడుమ గుడిసెలు పడగొట్టి, ఆ జనాన్ని ఊరి అంచుకి తోలి, తలా ఒక బెత్తెడు జాగా చూపించారు. ఇళ్ళయితే మార్చారు గాని పనులు మార్చలేదు. పనులన్నీ ఉత్తరాన బంగళాల్లో, దుకాణాల్లో, ఆఫీసుల్లోనే ఉండిపోయాయి. అంచేత పొద్దున్నే ఒక ప్రవాహం ఉత్తరానికి, చీకటి పడ్డాక అదే ప్రవాహం దక్షిణానికి. కొందరు నడిచి, కొందరు సైకిళ్ళ మీద, మిగతావాళ్ళు బస్సు ఫుట్‌బోర్డు మీద.

సైకిలు సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1981లో ఢిల్లీలో జరిగే ప్రయాణాల్లో 17 శాతం సైకిలు మీదే. 1994 నాటికి అది 7 శాతానికి పడిపోయింది. జనానికి డబ్బొచ్చి సైకిలు వదిలేశారని మనం సులువుగా అనేస్తాం. కొంత నిజమే. కాని ఆ మధ్యకాలంలో రోడ్లకి ఏం జరిగిందో కూడా చూడాలి. 1982 ఆసియా క్రీడలకి ఫ్లైఓవర్లు వచ్చాయి. తరవాత ఇంకా వచ్చాయి. రోడ్లు వెడల్పయిన కొద్దీ బండ్ల వేగం పెరిగింది. ఆ వేగం మధ్యలో సైకిలు తొక్కటానికి గుండె ధైర్యం కావాలి, లేదా వేరే గతి లేకపోవాలి. గతి లేనివాళ్ళు మిగిలారు. 1992లో ప్రైవేటు బస్సులు రెడ్‌లైన్ పేరుతో వచ్చి, జనం మీదికెక్కి పేరు చెడగొట్టుకుని, రంగు మార్చుకుని బ్లూలైన్ అయ్యాయి. రంగు మారిందంతే. ఒక్క 2007లోనే బ్లూలైన్ బస్సుల కింద పడి చనిపోయినవాళ్ళు వందకి పైనే.

బి.ఆర్.టి. ఆలోచన ఈ నేపథ్యంలోంచి వచ్చింది. బి.ఆర్.టి. అంటే బస్ రాపిడ్ ట్రాన్సిట్. ఢిల్లీ ఐ.ఐ.టి.లో ట్రాఫిక్ ప్రమాదాల మీద పరిశోధన చేసే దినేశ్ మోహన్, గీతమ్ తివారీలు దాని వెనక ఉన్న ముఖ్యులు. (దినేశ్ మోహన్ 2021 మేలో కోవిడ్‌తో పోయారు. గణాంకాలు ముందు పెట్టుకుని మొహమాటం లేకుండా మాట్లాడే మనిషి.) వాళ్ళ వాదన విదేశీ వేషమేమీ కాదు, మన రోడ్డునే కళ్ళు తెరిచి చూసి చెప్పినది. సైకిలు తొక్కేవాడు రోడ్డుకి ఎడమ అంచున వెళతాడు. బస్‌స్టాపూ ఎడమ అంచునే ఉంటుంది. బస్సు వచ్చి అంచుకి ఒరిగితే సైకిలు వాడు దాని చుట్టూ తిరిగి రోడ్డు మధ్యకి వస్తాడు. వాణ్ణి తప్పించటానికి కారు ఇంకో వరసలోకి మళ్ళుతుంది. ఎవరి దోషమూ లేదు, దోషమంతా రోడ్డు గీసిన తీరులో ఉంది. సైకిలుకి అంచున వేరే దారి ఇచ్చి, బస్సుని నడిమధ్య వరసలోకి పంపిస్తే ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఇదీ లెక్క. అంబేద్కర్ నగర్ నుంచి ఢిల్లీ గేట్ దాకా 14.5 కిలోమీటర్లు ప్లాను వేశారు. కట్టింది మాత్రం మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లే. ఒక్కో వైపు బస్సులకి ఒక వరస, కార్లూ మోటారుసైకిళ్ళకి రెండు వరసలు, అంచున సైకిలు దారి, దాని పక్కన కాలిబాట. షీలా దీక్షిత్ ముఖ్యమంత్రిగా ఉండగా, 2008 ఏప్రిల్‌లో మొదలెట్టారు.

మొదటి రోజుల గందరగోళం నేను కళ్ళారా చూశాను. సిగ్నళ్ళు సరిగ్గా పని చెయ్యలేదు. రోడ్డు మధ్యలో ఉన్న బస్‌స్టాపుకి ఎట్లా దాటాలో జనానికి తెలియలేదు. కార్లు బస్సు దారిలో దూరేవి. వాటిని ఆపటానికి మార్షల్సు అని కుర్రాళ్ళని పెట్టారు. పాపం వాళ్ళు ఎండలో కర్రలు పట్టుకుని పెద్ద పెద్ద కార్ల ముందు నిలబడి తిట్లు తినేవాళ్ళు. టీవీ చానెళ్ళకి రోజూ పండగే.

ఆ పండగలో నేనూ ఉన్నాను. అంతకు కొద్ది నెలల ముందే చేతులు మారిన ఒక మారుతీ 800 కొన్నాను. ఇరవై ఏళ్ళు బస్సుల్లో వేలాడిన మనిషిని. కారు కొన్న ఆర్నెల్లలో నా బుద్ధి ఎంత మారిపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. చిరాగ్ ఢిల్లీ కూడలి దగ్గర బారులో ఇరుక్కుని, ఒకటికి మూడు సిగ్నళ్ళు చూసి, ఇంజను వేడెక్కిపోతుంటే, పక్కన బస్సు దారి ఖాళీగా కనపడేది. ఒళ్ళు మండేది. ఇంత రోడ్డు వృథాగా పడేశారేమిటి అనిపించేది. నాకే కాదు, కారులో కూర్చున్న ప్రతివాడికీ అదే అనిపించేది. అందుకే పత్రికలన్నిటిలోనూ అదే వచ్చింది.

ఇక్కడ కంటికి జరిగే మోసం ఉంది. అదేమిటో నాకు తెలియటానికి చాలా కాలం పట్టింది. బాగా పని చేసే దారి ఎప్పుడూ ఖాళీగానే కనపడుతుంది. ఇరుక్కున్న దారే నిండుగా కనపడుతుంది. ఉదాహరణకి ఒక వరసలో నిమిషానికి రెండు బస్సులు పోతున్నాయనుకోండి. ఒక్కోదాంట్లో అరవై మంది. గంటకి 7,200 మంది దాటిపోయారు. అయినా మీరు ఎప్పుడు అటు తల తిప్పి చూసినా ఖాళీ తారు రోడ్డే కనిపిస్తుంది. పక్క వరసలో, సిగ్నలు మీద గంటకి 800 కార్లు దాటాయనుకుందాం. కారుకి సగటున ఒకటిన్నర మనిషి చొప్పున 1,200 మంది. ఆ వరస మాత్రం కిటకిటలాడుతూ ఉంటుంది. అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవే, మీ ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ మార్చుకోండి. ఎంత మార్చినా ఖాళీగా కనపడే వరసే ఎక్కువ మందిని మోస్తుంది.

లెక్కలు తెలిసినవాణ్ణి అయ్యుండీ నేను ఆ కూడిక వెయ్యలేదు. అర్జీ మీద సంతకం పెట్టాను.

కాలనీలో ఎవరో టైపు చేయించిన కాగితం అది. బస్సు దారిని రద్దు చేసి రోడ్డంతా అన్ని వాహనాలకీ తెరవాలని కోరుతూ రాశారు. మా ఆఫీసులో ఆ చుట్టుపక్కల క్వార్టర్స్ వాళ్ళు చాలామంది ఉండేవారు కాబట్టి నేను దాన్ని ఆఫీసుకి పట్టుకెళ్ళాను. కాండక్ట్ రూల్స్ ప్రకారం అది తప్పో ఒప్పో ఇప్పుడు అడక్కండి. మొదటి సంతకం నేను పెట్టి, మిగతా సెక్షన్లకి తిప్పమని మా డఫ్తరీ చేతికిచ్చాను. అతను దక్షిణపురి మనిషి. రోజూ సైకిలు మీద వచ్చేవాడు. నెలకో 60 రూపాయల మనిషి అన్నమాట. దారి వేయక మునుపు మూల్‌చంద్ దగ్గర ఏదో బండి తగిలి మోకాలు దెబ్బతిని, అప్పటినుంచి కొంచెం కుంటేవాడు. గుద్దిన బండి ఆగలేదు. కేసు లేదు, నష్టపరిహారం లేదు. నేను పాస్ చేసిన అతని మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లు ఒక్కటే ఆ ప్రమాదానికి మిగిలిన రికార్డు.

సాయంత్రానికి కాగితం నిండా సంతకాలతో తెచ్చి ఇచ్చాడు. "సాబ్, పైన మీ పేరు ఉంది కదా, చూడగానే అందరూ పెట్టేశారు" అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "దీంట్లో ఏం రాశారు సాబ్?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే సైకిలు దారి కూడా పోతుందా?" అన్నాడు. "అదేమో తెలియదు" అన్నాను. నిజంగానే తెలియదు. నేను ఆ కాగితం చివరిదాకా చదవలేదు. "అది ఉన్నప్పటినుంచి మా ఆవిడ నేను ఇంటికి వచ్చేదాకా గుమ్మంలో నిలబడటం మానేసింది" అని, నమస్తే పెట్టి వెళ్ళిపోయాడు.

కాగితం నా డ్రాయరులో రెండ్రోజులు ఉంది. తరవాత ఇవ్వాల్సిన వాళ్ళకి ఇచ్చేశాను. నేను నాలుగు మంచి మాటలు చెప్పి దాన్ని చింపేశానని రాస్తే కథ బాగుంటుంది గాని, అట్లా జరగలేదు.

జరిగింది ఇంకోటి. ఆ మాట గుచ్చుకుని, ఆ తరవాత ఒక సోమవారం సెలవు పెట్టి, పొద్దున్న చిరాగ్ ఢిల్లీ కూడలి దగ్గర ఒక నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాను. రెండు కాలమ్‌లు గీశాను. ఒకటి వాహనాలు, ఒకటి మనుషులు. కార్ల పేజీ చూస్తుండగానే గీతలతో నిండిపోయింది. బస్సుల పేజీలో ఉన్నవి కాసిని గీతలే. మనుషుల కాలమ్ కూడేసరికి ఆ కాసిని గీతలదే పైచెయ్యి. నాది కాకి లెక్కేననుకోండి, దాన్ని నమ్మమని ఎవరికీ చెప్పను. కాని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు ఆ కారిడార్ మీద బయటపెట్టిన లెక్కా ఇదే దారిలో ఉంది. ఆ రోడ్డు మీద పోయే వాహనాల్లో బస్సులు రెండు, రెండున్నర శాతం. వాటిలో పోయే జనం మాత్రం మొత్తంలో సగానికి పైనే. వాహనాలని లెక్కపెడితే బస్సుకి మూడో వంతు రోడ్డు ఇవ్వటం అన్యాయం. మనుషుల్ని లెక్కపెడితే అది తక్కువ ఇవ్వటం. ఒకటే రోడ్డు, రెండు లెడ్జర్లు. వాహనాలని కాదు, మనుషుల్ని తరలించాలి అన్న సూత్రం 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలో కేంద్ర ప్రభుత్వమే రాసుకుంది కూడా. మనం రాసుకునేవాటికి కొదవ లేదు.

అవతలి పక్షానికి న్యాయం చెయ్యాలి కాబట్టి ఇది కూడా చెబుతాను. ఆ దారిలో లోపాలు ఉన్నాయి, చిన్నవి కావు. చిరాగ్ ఢిల్లీ దగ్గర సిగ్నలు చక్రం మరీ పొడుగు. బస్సు ముందుకి, కారు ముందుకి, కారు కుడికి అంటూ ఒక్కొక్కరికీ విడివిడిగా పచ్చలైటు ఇవ్వాల్సి రావటంతో అందరూ ఎదురు చూసేవారే. పాత బస్సు ఒకటి దారిలో చెడిపోతే వెనకవన్నీ ఆగిపోయేవి, పక్కకి తప్పుకునే వీలు లేదు. రోడ్డు నడుమ ఉన్న స్టాపుకి జనం పరుగున దాటేవారు. ప్లాను వేసినవాళ్ళు ఈ ఫిర్యాదుల్ని మొదట్లోనే ఒప్పుకుని సరిదిద్ది ఉండాల్సింది. ప్రతి విమర్శనీ కార్లవాళ్ళ ఏడుపుగా కొట్టిపారేసిన సందర్భాలు ఉన్నాయి. నిపుణులకి కూడా ఒక రకం భక్తి ఉంటుంది, తమ డ్రాయింగు మీద.

కాని సిగ్నలు బాగా లేదనటం వేరు, దారే వద్దనటం వేరు. బోరు మోటారు చెడిపోతే బావి పూడ్చరు కదా.

2012లో వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకి ఎక్కింది. న్యాయభూమి అనే సంస్థ ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. బస్సు దారిలోకి అన్ని వాహనాలనీ అనుమతించాలని కోరింది. కారుల్లో తిరిగేవాళ్ళు సంపద సృష్టించేవాళ్ళు, వాళ్ళ కాలం వృథా అయితే దేశానికి నష్టం, వాళ్ళు బస్సుల్లో తిరగాలా అనే ధోరణిలో కూడా వాదన నడిచింది. దీన్ని నేను నవ్వి వదిలెయ్యను, ఎందుకంటే ఇది లోకంలో చాలా మంది పైకి అనని నమ్మకం. నా బిల్లుల్లో 60 రూపాయలూ 3,200 రూపాయలూ చెప్పేది కూడా అదే. మనిషి కాలానికి జీతాన్ని బట్టి ధర కట్టే పద్ధతి ఖర్చు-లాభాల లెక్కల్లో మామూలుగా ఉన్నదే. ఆ పద్ధతి పట్టుకుంటే మా డఫ్తరీ గంట మా డైరెక్టరు గంటలో పదో వంతు కూడా చెయ్యదు. రోడ్డు ఎవరికి ఇవ్వాలో ఆ లెక్కే చెప్పేస్తుంది. కామర్సు చదివినవాణ్ణి కనుక చెబుతున్నాను, లెక్క తప్పకుండానే అన్యాయం చెయ్యటం చాలా తేలిక. ఏ కాలమ్ గియ్యాలో ముందే నిర్ణయించుకుంటే చాలు.

కోర్టు ఈ విషయం మీద అధ్యయనం కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సి.ఆర్.ఆర్.ఐ. చేతిలో పెట్టింది. ఆ ఏడు మే నెలలో బస్సు దారిని అన్ని బండ్లకీ తెరిచి పరీక్ష చేశారు. మన హేతువాదులు మెచ్చుకోవాల్సిన పద్ధతే, ఊహలు మాని పరీక్ష చెయ్యటం. కాని పరీక్షలో ఏం కొలుస్తున్నాం అనేది అసలు విషయం. రెండు వరసల బండ్లని మూడు వరసల్లోకి వదిలితే కార్లు త్వరగా కదులుతాయని తేల్చటానికి పరీక్ష అక్కర్లేదు. బస్సు దారి లేకపోవటమే మేలని ఆ సంస్థ నివేదిక ఇచ్చింది. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. అయినా 2012 అక్టోబరు 18న న్యాయమూర్తులు ప్రదీప్ నంద్రాజోగ్, మన్మోహన్ సింగ్‌ల ధర్మాసనం పిటిషన్ కొట్టేసింది. ఆ తీర్పు సారాంశం నా మాటల్లో చెప్పాలంటే, రోడ్డు ఇంతకంటే వెడల్పు కాదు, కార్లు పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి జనాన్ని బస్సుల వైపు తిప్పటానికి ప్రభుత్వం చేసిన ఈ ప్రయత్నం అసమంజసం కాదు. మోటారు వాహనాల వాళ్ళ కాలానికి ఎక్కువ విలువ కట్టమన్న వాదన కోర్టులో నిలవలేదు.

అంటే విచారణ జరిగింది, ఇరుపక్షాలూ చెప్పుకున్నాయి, దారి గెలిచింది. మా మిత్రుడి "ఫెయిలయింది"లో ఈ ముక్క లేదు. చాలామందికి తెలియదు కూడా, ఎందుకంటే ట్రాఫిక్ జామ్ అయిన రోజు వచ్చినంత పెద్ద అక్షరాలతో తీర్పు వార్త రాలేదు.

గెలిచినది మూడేళ్ళకి ఎట్లా పోయింది? సర్కారు మారింది. కొత్త ప్రభుత్వం 2015లో రద్దు నిర్ణయం తీసుకుంది, 2016 జనవరిలో పడగొట్టటం మొదలైంది. ఆ పార్టీ ఈ పార్టీ అని నేను అనను, కట్టిన పార్టీలోనే దాన్ని సమర్థించే గొంతు చాలా బలహీనంగా ఉండేది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఢిల్లీలో కారున్న కుటుంబాలు దాదాపు 21 శాతం. అయిదిళ్ళలో ఒకటి. ఓట్లు మిగతా నాలుగిళ్ళలో ఉండగా ఇది ఎట్లా జరిగిందా అని చాలాకాలం ఆలోచించాను. నాకు తోచింది ఇది. కారువాడి నష్టం ఒక కూడలి దగ్గర కుప్పగా పడింది, రోజూ అదే చోట, పేరు పెట్టి తిట్టటానికి వీలుగా. బస్సువాడి లాభం పది నిమిషాలు, అదీ 5.8 కిలోమీటర్ల మేరకే. మూల్‌చంద్ దాటగానే బస్సు మళ్ళీ మామూలు రద్దీలో పడి ఆ పది నిమిషాలూ హరించుకుపోయేవి. 14.5 కిలోమీటర్లు కట్టి ఉంటే అది అనుభవంలోకి వచ్చేది. ఇక సైకిలువాడి లాభం మరీ విచిత్రమైనది. అది జరగని ప్రమాదం. జరగని ప్రమాదానికి ఎఫ్.ఐ.ఆర్. ఉండదు, ఫొటో ఉండదు. గుమ్మంలో నిలబడటం మానేసిన ఇల్లాలి గురించి ఏ విలేకరి రాస్తాడు? జరిగినవాటి లెక్క మాత్రం ప్రభుత్వం ఏటా వేస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో 32,825 మంది పాదచారులు.

ఇండియాలో ఇలాంటివి పనికిరావు అనే మాట కూడా విన్నాను. 2009లో అహ్మదాబాదులో జన్‌మార్గ్ మొదలైంది, పొగిడినవాళ్ళే ఎక్కువ. అక్కడ ఆ దారిని దాని బస్సుల కోసమే కట్టారు. ఢిల్లీలో ఏ బస్సైనా రావచ్చు. అందుకే ఢిల్లీది చెడిందని ఒక వివరణ. అదీ పూర్తిగా నిలవదు. సరిహద్దు అవతల చూడండి. 2013లో లాహోరులో మెట్రోబస్సు వస్తే, రోడ్డు పొడుగునా వేసిన ఇనప కటకటాలని చూపించి ప్రతిపక్షం వాళ్ళు "జంగ్లా బస్సు" అని వెక్కిరించారు. వెక్కిరించినవాళ్ళలో ముందున్న పార్టీయే తాను పాలించే పెషావరులో ఇంకో దాన్ని కట్టి 2020 ఆగస్టులో ప్రారంభించింది. ఆ పెషావరు బస్సులు దారిలోకి వచ్చి, మళ్ళీ దారి వదిలి మామూలు వీధుల్లోకి కూడా వెళతాయి, మన ఢిల్లీవాటిలాగే. పక్కన సైకిళ్ళకి చోటు కూడా ఉంచారు. 2022లో దానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. పెషావరులో నడిచినది ఢిల్లీలో నడవదనటానికి మన మట్టిలో ఏం దోషం ఉందో చెప్పేవాళ్ళు చెప్పాలి.

మా హైదరాబాదులోనూ సైకిలు దారి ఉంది, లేదనను. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలారు కప్పుతో. చూడముచ్చటగా ఉంటుంది. కారు డిక్కీలో సైకిలు పెట్టుకుని అక్కడిదాకా వెళ్ళి, తొక్కి, మళ్ళీ డిక్కీలో పెట్టుకుని రావచ్చు. ఆరోగ్యానికి మంచిదే. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక వేరే పనులు చేసేవాళ్ళని పనికి ఎట్లా వెళతారని మొదటిసారి అడిగారు. దేశం మొత్తం మీద సైకిలు మీద అన్నవాళ్ళు దాదాపు 13 శాతం. కారు అన్నవాళ్ళు 3 శాతం లోపు. ఆ పదమూడు శాతంలో ఎంతమందికి ఔటర్ రింగు రోడ్డు పక్కన పని ఉందో నాకు అనుమానమే. కోల్‌కతాలో ఇంకొక అడుగు ముందుకేసి, 2013లో 174 రోడ్ల మీద సైకిళ్ళనే నిషేధించారు. పాలవాడూ, పేపరువాడూ ఎట్లా పోవాలో ఎవరికీ తట్టలేదు.

మా డఫ్తరీ 2014లో రిటైరయ్యాడు. పడగొట్టటం అతను ఉద్యోగంలో ఉండగా చూడలేదు. ఏడో వేతన సంఘం సైకిల్ అలవెన్సు ఎత్తెయ్యమంది. 2017లో ప్రభుత్వం దాన్ని తపాలా శాఖ, రైల్వేల్లో కొందరికి మాత్రం మిగిల్చి, 90 నుంచి 180 రూపాయలు చేసింది. మాలాంటి ఆఫీసుల్లో ఆ పద్దు అంతటితో సరి.

2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఢిల్లీ మెట్రోకి రెండు కొత్త లైన్లు మంజూరు చేసింది. రెండూ కలిపి 20.76 కిలోమీటర్లు, 8,399 కోట్లు. కిలోమీటరుకి 400 కోట్ల పైమాట. వాటిలో ఒకటి లజపత్ నగర్ నుంచి సాకేత్ జి బ్లాక్ దాకా. స్టేషన్ల పేర్లు చదువుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆండ్రూస్ గంజ్, గ్రేటర్ కైలాష్-1, చిరాగ్ ఢిల్లీ, పుష్పా భవన్, పుష్ప్ విహార్... అది ఆ రోడ్డే. మెట్రో వద్దని నేననను. కాని పడగొట్టిన దారికి అయిన ఖర్చు ఈ లైను ఖర్చులో ఒక చిన్న భాగం. ఆ చిన్న భాగం దండగ అన్నవాళ్ళెవరూ దీని గురించి నోరు విప్పినట్టు నాకు కనపడలేదు. మెట్రో ఎవరి వరసా లాక్కోదు కదా.

ఆ ఏడాది చివర పెన్షను పని మీద ఢిల్లీ వెళ్ళినప్పుడు పుష్ప్ విహార్ నుంచి చిరాగ్ ఢిల్లీ దాకా నడిచాను. సాయంత్రం ఆరున్నర. బస్సు దారి ఉన్న చోట కూడా కార్లే, అయినా బారు అంతే పొడుగుంది. సైకిలు దారి ముక్కలు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. ఒక ముక్క మీద కార్లు పార్కు చేసి ఉన్నాయి, ఇంకో ముక్క మీద ఛోలే-కుల్చే బండి. వెనక క్యారియరు మీద రంగు డబ్బాలు కట్టుకున్న ఒకతను ఆ బండి దగ్గర సైకిలు దిగి, రోడ్డు వైపు తల తిప్పి చూసి, కార్ల మధ్య సందు దొరికేదాకా ఆగి, మళ్ళీ ఎక్కాడు.